పదిహేడోది నునుపేనా

హాస్టల్, పై అంతస్తు, మెట్ల పక్క గది
జూన్ 6

వదినా,

ఫోన్లో మనిద్దరం మాట్లాడుకుంటే మూడో నిమిషంలో పోట్లాట, నాలుగో నిమిషంలో అన్నయ్య పంచాయితీ. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో తిట్టుకున్నా కాస్త ఆలోచించి తిట్టుకుంటాం.

ముందు శుభవార్త. గైడ్ ఇచ్చిన ముప్పై ఒక్క సర్ఫేసులూ నునుపే అని తేలిపోయింది. స్మూత్ అనే మాటకి అన్నయ్య పెట్టిన పేరే నాకూ అలవాటైపోయింది. "ఇంట్లో గోడకి పెచ్చులూడినా చూడరు గానీ, ఎక్కడా లేని వాటి నునుపు కోసం చచ్చిపోతారు ఈ వదినాఆడపడుచులిద్దరూ" అంటాడుగా. మొన్న అమ్మ కూడా అడిగింది, అసలు నువ్వు చేసే పనేమిటే అని. కొన్ని సమీకరణాలు ఇస్తారమ్మా, అన్నిటికీ ఒకేసారి సరిపడే బిందువులన్నీ కలిస్తే ఒక ఆకారం అవుతుంది, అది ఎక్కడైనా మొన తేలిందా, ముడతపడిందా, తనని తానే కోసుకుందా అని చూడాలి, ఎక్కడా అలాంటి మచ్చ లేకపోతే నునుపు, అన్నాను. "దానికి కంప్యూటరెందుకు, చేత్తో తడిమితే పోలా?" అంది. ఎనిమిది అక్షరాల సమీకరణాలు పన్నెండు ఉంటే చెయ్యి ఎక్కడ పెట్టేది?

నువ్వు ఇక్కడ చదివే రోజుల్లో రాసిన ప్రోగ్రామే వాడాను. ల్యాబ్ మెషిన్‌లో ఇంకా నీ పేరుతోనే ఉంది. ఒక్క రోజులో అన్నీ అయిపోయాయి. గైడ్ మొహం వెలిగిపోయింది. ఆగస్టు పద్దెనిమిదికి థీసిస్ ఇచ్చెయ్యమన్నారు. పక్క టేబుల్ సీనియర్ కూడా సంతోషించాడు, అదే, మనం తాబేలు అంటామే ఆయన. పదిహేడో సర్ఫేస్ మీదే ఆయన తన తర్వాతి పనంతా కట్టుకుంటున్నాడు. పదిహేడోది నీకు చెప్పక్కర్లేదు, నీ పేపర్లోదే. అలాంటి నునుపు సర్ఫేస్ ఉండనే ఉండదని అందరూ అనుకుంటుంటే, ఇదిగో ఉంది అని నువ్వు చూపించినది.

రెండు సందేహాలు. ఒకటి, సర్ఫేస్ అంటే కొలత రెండు కదా, సాఫ్ట్‌వేర్ మూడంటుందేమిటి? రెండోది, చాలా వాటికి రెండు మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది, పదిహేడోదానితో సహా కొన్నిటికి మాత్రం సరిగ్గా నలభై నిమిషాలు పట్టింది. మళ్ళీ వేసినా అంతే, నలభై. ఎందుకలా?

నీ ఆడపడుచు


కాలేజీ, స్టాఫ్ రూమ్
జూన్ 15

ఆడపడుచు గారి దివ్యసముఖానికి,

ముప్పై ఒకటీ అయిపోయాయంటే నాకెంత సంతోషమో చెప్పలేను. నా ప్రోగ్రామ్ నా తర్వాత కూడా ఒకరికి పనికొచ్చిందంటే, అత్తగారి చీర కోడలికి నప్పినట్టుంది.

కొలత సంగతి చూసి ఇంకా నవ్వుకుంటున్నాను. థీసిస్ ఇవ్వబోయే పిల్లవి, ఈ ప్రశ్న మాత్రం పరీక్షకులు వినేలా అడగకు. మనం బిందువు అనుకునే ప్రతిదాన్నీ ఆ సాఫ్ట్‌వేర్ సున్నా నుంచి బయల్దేరే ఒక గీతగా చూస్తుంది. అందుకే ఎప్పుడూ ఒకటి ఎక్కువ చెబుతుంది. మూడంటే రెండు. మచ్చల సంగతీ అంతే. మచ్చలున్న చోటు కొలత సున్నా అని వస్తే అక్కడ ఉత్త సున్నా తప్ప ఏమీ లేదు, సర్ఫేస్ నునుపు. ఒకటి అని వస్తే ఎక్కడో ఒక బిందువైనా చెడింది.

నలభై నిమిషాల గురించి పెద్దగా ఆలోచించకు. ఆ మెషిన్ నా కాలానికే ముసలిది.

ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు. ఆగస్టు ఇరవైన నన్ను పర్మనెంట్ చేసే ఇంటర్వ్యూ. ఐదుగురు కూర్చుంటారట. ఆరేళ్ళుగా ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చారు, ఈసారి ఉంచుతారు లేదా పొమ్మంటారు. నా దగ్గర గట్టి పేపర్ ఉన్నది ఒక్కటే, నీకు తెలుసు. మీ అన్నయ్య ఇప్పటి నుంచే కొత్త ఇల్లు వెతుకుతున్నాడు, ఆలు లేదు చూలు లేదు అన్నట్టు.

ఆ ఫైల్ ఎక్కువ కెలక్కు. పని చేసేదాన్ని చెయ్యనియ్యి.

మీ వదిన


హాస్టల్
జూన్ 24

వదినా,

కెలకొద్దన్నావు గనక కెలికాను. ఈ గుణం మా ఇంటి వంశంలోనే ఉందని నీకు పెళ్ళిచూపులప్పుడే చెప్పి ఉండాల్సింది.

నలభై నిమిషాలు మెషిన్ ముసలితనం కాదు. అది నువ్వు పెట్టిన గడువు. సర్ఫేస్ నునుపో కాదో తేల్చాలంటే ఆ పన్నెండు సమీకరణాల డెరివేటివ్‌ల పట్టికలోంచి ఐదు వరుసలు, ఐదు నిలువులు తీసి డిటర్మినెంట్లు కట్టాలి. అలాంటివి నలభై నాలుగు వేల మూడువందల యాభై రెండు. అన్నీ వేస్తే మెషిన్ కూలబడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏవో ఆరువందలు ఏరుకుని చూస్తుంది. ఆ ఆరువందలతోనే మచ్చ లేదని రుజువైతే "అవును" అంటుంది. అన్నీ చూసి మచ్చ దొరికితే "కాదు" అంటుంది. ఏదీ తేలకుండా గడువు ముగిస్తే మాత్రం ఏమీ అనదు. తెలీదు అని కూడా అనదు. జవాబు ఖాళీగా వస్తుంది.

దాని కింద నువ్వు రాసిన వరుస చూశాను. జవాబు "కాదు" అయితే మచ్చ ఉందని రాయి, లేకపోతే నునుపని రాయి, అని ఉంది. అంటే ఖాళీ వచ్చినా నునుపే. పక్కన నువ్వు టైపు చేసిన వ్యాఖ్య కూడా ఉంది, నీ వెక్కిరింతే: "మౌనం అర్ధాంగీకారం."

నవ్వొచ్చింది ముందు. తర్వాత ముప్పై ఒకటీ మళ్ళీ వేసి, నోరు విప్పనివెన్నో లెక్కపెట్టాను. తొమ్మిది ఉన్నాయి. పదిహేడోది అందులో ఒకటి.

నువ్వు పేపర్ పంపేముందు ఇంకోలా సరిచూసే ఉంటావుగా? ఆ రెండో లెక్క ఎక్కడుందో చెప్పు చాలు. గైడ్‌కి ఇంకా ఏమీ చెప్పలేదు.

నీ ఆడపడుచు


హాస్టల్
జూలై 15

వదినా,

మూడు వారాలైంది. ఉత్తరం అందలేదని చెప్పకు, అన్నయ్య ఫోన్లో "ఏం రాశావే, చదివి బీరువాలో పెట్టేసింది" అన్నాడు.

తాబేలు రోజూ పదిహేడోదాని మీద కొత్త పేజీ రాసి నాకు చూపిస్తున్నాడు. చూడండి, ఎంత చక్కగా వచ్చిందో అంటాడు. ఆయన మొహం చూడలేక నేను మంచినీళ్ళకని లేచి వెళ్తున్నాను. రోజుకి ఎన్నిసార్లని నీళ్ళు తాగను?

అవునో కాదో ఒక్క ముక్క రాయి.


ఇంటి నుంచి
జూలై 19

ఏమమ్మా,

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటే ఇన్నాళ్ళూ నవ్వేదాన్ని. ఇప్పుడు తెలిసింది, మిగతా సగం కూడా నువ్వే అయ్యావు. నీ ఉత్తరాలు బీరువాలో పెట్టానా, పొయ్యిలో పెట్టానా అని మీ అన్నాచెల్లెళ్ళు ఫోన్లో విచారణ చేసుకుంటున్నారన్నమాట.

ఆ వరుస ఏ పరిస్థితిలో రాశానో నీకు తెలుసా? ల్యాబ్‌లో ఏడుగురికి ఒకటే మెషిన్. నా వంతు వారానికి రెండు పూటలు. పేపర్ గడువు గురువారం. అప్పటికి అలా పెట్టి, తర్వాత సరిచేద్దామనుకున్నాను. అందరూ అలాగే చేస్తారు. పేపర్ అచ్చయింది, ఇద్దరు పరీక్షకులు చూశారు, ఆరేళ్ళలో ఒక్కరూ వేలెత్తి చూపలేదు. గైడ్‌కి లేదు, పత్రికకి లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

పైగా నునుపు కాదని ఎవరన్నారు? ఆ సాఫ్ట్‌వేర్ కూడా అనలేదుగా. అలాంటి సమీకరణాలు మామూలుగా నునుపే అవుతాయి. ఆ మాత్రం అనుభవం నాకుంది.

ఆగస్టు ఇరవై దాకా నోరు మూసుకుని కూర్చోలేవా? ఒక్క నెల. నీ కాలేజీ ఫీజుకి మీ అన్నయ్యతో పోట్లాడింది ఎవరు? నిన్ను ఆ గైడ్ దగ్గర చేర్పించింది ఎవరు? ఇవన్నీ రాయాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది, అయినా రాశాను.

వదిన


ల్యాబ్
జూలై 30

వదినా,

నువ్వన్న ప్రతి మాటా నిజమే. ఫీజూ నిజమే, గైడూ నిజమే. నువ్వు లేకపోతే నేను ఈ కుర్చీలో లేను. అందుకే పది రోజులు తిట్టుకుంటూ, నువ్వే గెలవాలని దేవుడికి మొక్కుకుంటూ లెక్క మళ్ళీ చేశాను.

ఈసారి డిటర్మినెంట్లు గుడ్డిగా ఏరకుండా, చిన్నవి ముందు వచ్చేలా ఏరించాను. తొమ్మిదిలో ఎనిమిదింటికి "అవును" వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా కుర్చీలో గెంతాను. ఎనిమిదోది వచ్చాక నీకు క్షమాపణ ఉత్తరం మనసులోనే రాసేసుకున్నాను.

పదిహేడోదాని మచ్చల కొలత ఒకటి దగ్గర ఆగింది. ఆరువందలు వేయి చేశాను, వేయి ఐదువేలు చేశాను. ఒకటి సున్నా కాలేదు. చివరికి ఆ మచ్చ ఎక్కడుందో చూపించమన్నాను. ఒకే ఒక్క బిందువు చూపించింది. ఎనిమిది అంకెలు, అన్నీ సున్నాలూ ఒకట్లూ, ఒక మైనస్ ఒకటి. అంత మామూలు బిందువు.

మెషిన్‌ని నమ్మలేదు. కాగితం తీసుకుని చేత్తో వేశాను. బిందువు పన్నెండు సమీకరణాలకీ సరిపోయింది. డెరివేటివ్‌ల పట్టికకి అక్కడ ర్యాంకు ఐదు రావాలి, తగ్గితే మచ్చ ఉన్నట్టే. నాలుగొచ్చింది. మళ్ళీ వేశాను, నాలుగే. రెండు పేజీలు, ఈ ఉత్తరంతో పెడుతున్నాను. ఎక్కడైనా తప్పు చేశానేమో చూడు. చేసి ఉంటే ఈ జన్మకి నీ వంటింట్లో అంట్లు తోముతాను.

దూరపు కొండలు నునుపు అంటారు. దగ్గరికి వెళ్ళి చూశాను వదినా. నునుపు కాదు.

థీసిస్ పద్దెనిమిదిన ఇవ్వాలి. నీ ఇంటర్వ్యూ ఇరవైన. నా థీసిస్‌లో పదిహేడోదానికి మచ్చ ఉందని రాస్తే, నీ పేపర్ తప్పని రాసినట్టే. రాయకపోతే తాబేలు చేస్తున్నదంతా బూడిదలో పోసిన పన్నీరు. నా నోటితో ఇది చెప్పించకు. నీ పేపర్ గురించి నువ్వే ముందు చెప్పు. పత్రికకి రాయి, ఇంటర్వ్యూలో చెప్పు, ఏదో ఒకటి. పద్దెనిమిది పొద్దుటి దాకా ఎదురుచూస్తాను. ఆ తర్వాత నేను రాయాల్సింది రాసేస్తాను.

భయంగా ఉంది. నీ మీద కోపంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో తెలీదు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి
ఆగస్టు 21

అమ్మడూ,

నీ రెండు పేజీల్లో తప్పు లేదు. నాకు ముందే తెలుసు.

ఇది నీకు ఎదురుగా చెప్పే ధైర్యం లేదు, కాగితం మీద చెబుతున్నాను. పెళ్ళయిన రెండో ఏడు ఈ కాలేజీలో కొత్త మెషిన్ కొన్నారు. సెలవుల్లో ఖాళీగా ఉంటే, సరదాకి నలభై నాలుగు వేలూ వెయ్యమని పెట్టాను. నాలుగు రోజులు నడిచింది. శనివారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఒకటి. చూసి, తెర ఆపేసి, స్పెషల్ క్లాసుకి వెళ్ళాను. ఆ క్లాసు చాలా బాగా చెప్పాను కూడా. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పటి నుంచి నాలుగేళ్ళు. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూనే ఉన్నాను. నువ్వు ఆ ల్యాబ్‌లో చేరతానన్నప్పుడు వద్దనబోయాను. అయినా చేర్పించాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు. ఎవరో ఒకరు కనుక్కుంటే బాగుండునని ఉందేమో. కనుక్కున్నాక నిన్ను తిట్టాను.

నీ ఉత్తరం వచ్చాక రెండు వారాలు ఏ పనీ చెయ్యలేదు. పద్దెనిమిది పొద్దున కాగితం తీసి నీకు రాయబోయి మానేశాను. అప్పటికే ఆలస్యమైంది, నువ్వు రాయాల్సింది రాసేసి ఉంటావు అనిపించింది. నిజం చెప్పనా? గుండె తేలికైంది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు గదా అనుకున్నాను.

నిన్న ఇంటర్వ్యూ. పొడవాటి బల్ల, అవతల ఐదుగురు, నా ముందు ఒక గ్లాసు నీళ్ళు. మధ్యలో కూర్చున్న పెద్దాయన "మీరు చేసిన వాటిల్లో గొప్పదేదో చెప్పండి" అన్నాడు. లేచి బోర్డు మీద ఆ బిందువు రాశాను. పట్టిక రాశాను. ర్యాంకు ఐదు రావాలి, నాలుగొచ్చింది, కాబట్టి నా పేపర్లో సిద్ధాంతం తప్పు, అన్నాను. చాక్‌పీసు చేతిలో రెండు ముక్కలైంది.

"ఇది మీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"నాలుగేళ్ళ కిందట."

చివర కూర్చున్నావిడ పెన్ను కింద పెట్టింది. పెద్దాయన బోర్డు వంక చూసి, "మరి ఇప్పుడెందుకు చెబుతున్నారమ్మా? మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు.

"మా ఆడపడుచుకి తెలుసండీ" అన్నాను.

సాయంత్రానికే చెప్పేశారు. పర్మనెంట్ లేదు. డిసెంబరు దాకా ఉండొచ్చు, తర్వాత చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఏమిటో నాకూ తెలుసు. పత్రిక సంపాదకుడికి నిన్ననే రాశాను, పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు కనుక్కున్నది ఫలానా విద్యార్థిని అని నీ పేరు పెట్టి మరీ రాశాను.

మీ అన్నయ్యకి రాత్రి చెప్పాను. ఉద్యోగం గురించి ఒక్క మాట అనలేదు. "నాలుగేళ్ళు పక్కనే ఉన్నానుగా, నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ ఐదుగురూ కలిసి అన్నదానికంటే ఆ మాట ఎక్కువ తగిలింది.

గైడ్‌కి మాత్రం నేను రాయలేదు. నీ థీసిస్‌లో చదివే ఉంటారు. కనుక్కున్నది నువ్వు, ఆయన ముందు తలెత్తుకుని నిలబడాల్సింది కూడా నువ్వే. మధ్యలో నేను దూరితే బాగుండదు.

నిన్ను చూస్తే గర్వంగా ఉంది. ఇంతకాలం ఆ మాట నా నోటికి రాలేదు.

మీ వదిన


ల్యాబ్ బయట, బెంచీ మీద
ఆగస్టు 25

వదినా,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. మెట్ల మీదే నిలబడి చదివాను. చివరిదాకా చదవలేక మధ్యలో కూర్చున్నాను.

నా థీసిస్ పద్దెనిమిదినే ఇచ్చేశాను. అందులో సర్ఫేసులు ముప్పై ఉన్నాయి.

పదహారో తేదీన అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన అన్నం తినడం లేదే, నీకూ దానికీ ఏం గొడవో నాకు తెలీదు, ఈ ఇంటర్వ్యూ గట్టెక్కేదాకా దాన్నేమీ అనకే" అన్నాడు. అన్నయ్య నన్నెప్పుడూ బతిమాలలేదు. పద్దెనిమిది పొద్దుటిదాకా నీ ఉత్తరం కోసం చూశాను. రాలేదు. పదిహేడో వరుస తీసేసి, కిందివి ఒక్కొక్క అంకె పైకి జరిపాను. ఇప్పుడు నా పట్టికలో పదిహేడోది వేరే సర్ఫేస్. అది నిజంగానే నునుపు.

ఒకటి తగ్గిందేమని గైడ్ అడిగారు. "వేరే రకంది సార్, ఇక్కడ ఇమడటం లేదు" అన్నాను. సంతకం పెట్టేశారు. మరునాడు తాబేలు అడిగాడు, "మీరు తీసేశారు గానీ, నా పనికి అడ్డమేమీ లేదు కదా?" అని. నేనేమీ అనలేదు. ఆయన తలూపి వెళ్ళి మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ ఐదుగురి ముందు నువ్వు చెప్పిన ఆడపడుచు ఇదీ.

నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను వదినా. నీ మీద ప్రేమతోనే చేశాను. అబద్ధం కాదది. కానీ సంతకం పడ్డాక నాకు ఎంత హాయిగా అనిపించిందో గుర్తుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

గంట కిందట ముందు తాబేలు దగ్గరికి వెళ్ళాను. బిందువు రాసిచ్చాను. ఆయన నెమ్మదిగా, తన పద్ధతిలోనే, ఒక్కొక్క వరుసా సరిచూసుకున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. నేను పక్కన నిలబడే ఉన్నాను. తర్వాత పెన్ను మూత పెట్టి, "మీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

"నెల నుంచి" అన్నాను.

"ఈ నెలలో నలభై పేజీలు రాశానండీ" అన్నాడు. అంతే. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

థీసిస్ వెనక్కి ఇప్పించమని అర్జీ రాసి చేతిలో పట్టుకున్నాను. కారణం అన్నచోట నా తప్పు మాత్రమే రాశాను, నీది నువ్వు చెప్పేశావు కదా. లోపల గైడ్ ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళే ముందు నీకు కూడా ఇలాగే భయమేసిందా? అది మాత్రం రాయలేదు నువ్వు.

రమ్మంటున్నారు. వెళ్తున్నాను.

ఆడపడుచు